కాలువ గట్టు పాత పార్కు: నీళ్లు, వేళ్లు, దీపాలు (పనుల డైరీ)

జనవరి, సంక్రాంతి వెళ్లాక

పార్కు మొత్తం 3 ఎకరాల 20 సెంట్లు. గోదావరి వశిష్ఠ పాయ వైపు డెల్టా పట్టణం. పడమర పంట కాలువ గట్టు, తూర్పున మురుగు కాలువ. మధ్యలో రాతి మెట్ల కొలను, 22 సెంట్లు. దాని చుట్టూ నడకదారి, దారి వెంట నిద్రగన్నేరు చెట్లు, మూలల్లో రావి చెట్లు, ఒక పొగడ వరస. తర్వాతి కాలంలో వచ్చి చేరినవి అశోకలు, తురాయిలు, సిమెంటు పలకలు, 40 సెంట్ల పచ్చిక. పోత ఇనుము దీపస్తంభాలు 24.

వాతావరణ మార్పుకి పార్కులో ఏం చేద్దామంటే ఎవరైనా ముందు మొక్కల మాటే ఎత్తుతారు. ఇక్కడ మొక్కలు చివరి పని. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా ఊళ్లు కాలువను నమ్ముకుని పెరిగాయి. ఇలాంటి పార్కు కూడా అసలు ఒక నీటి ఏర్పాటే: కాలువ తూము నుంచి కొలనుకి, కొలను పొర్లితే బోదెలోకి, బోదె నుంచి మురుగు కాలువకి. తూము పూడిపోయింది, బోదె మీద పలకలు పరిచారు. అందుకే వేసవిలో బోరు నీళ్లు తోడాల్సి వస్తోంది, వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయి. పనుల వరస ఇలా ఖాయమైంది: నీటి దారి, చెట్ల మొదళ్లు, దీపాలూ పంపూ, ఆ తర్వాతే మొక్కలు. తేదీలు మన చేతిలో ఉండవు. కాలువలు ఎప్పుడు కడతారో (నీళ్లు ఆపి మూసేస్తారో) దాన్నిబట్టి మిగతా క్యాలెండర్ అంతా జరుగుతుంది.

ఏ పనికైనా ముందు పాత రూపం నమోదు కావాలి. ప్రతి చెట్టుకీ నంబరు, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత, కొమ్మల పందిరి నాలుగు దిక్కులా ఎంత వరకు పాకిందో అడుగుల్లో, పాత మొద్దులు ఎక్కడెక్కడ ఉన్నాయో. మొద్దుల మధ్య దూరం కొలిస్తే అసలు నాటినప్పటి ఎడం తెలుస్తుంది. ఇక్కడ అది 12 మీటర్లు.

ఫిబ్రవరి, మొదటి పక్షం

చెట్ల కర్బనం లెక్క. శాస్త్రవేత్త చావే బృందం 2014లో ఇచ్చిన సూత్రం వాడాం: నేలపైన చెట్టు ఎండు బరువు (కిలోల్లో) = 0.0673 × (చెక్క సాంద్రత × అడ్డుకొలత వర్గం × ఎత్తు), బ్రాకెట్లో వచ్చినదాన్ని 0.976 ఘాతానికి ఎత్తాలి. అడ్డుకొలత సెంటీమీటర్లలో, ఎత్తు మీటర్లలో. చుట్టుకొలత 377 సెం.మీ. ఉన్న నిద్రగన్నేరుకి అడ్డుకొలత 120, ఎత్తు 18, సాంద్రత 0.5 వేస్తే దాదాపు 6,570 కిలోలు వస్తుంది. అందులో 47 శాతం కర్బనం. దాన్ని 3.67తో గుణిస్తే సుమారు 11.3 టన్నుల కార్బన్ డయాక్సైడు. అదే సూత్రంలో 10 సెం.మీ. అడ్డుకొలత, 7 మీటర్ల ఎత్తు, 0.6 సాంద్రత ఉన్న చిన్న చెట్టు వేస్తే 24 కిలోలు. అంటే ఒక్క పెద్ద చెట్టు పడిపోతే 270 చిన్న చెట్లకు సమానం.

ఈ సూత్రం అడవి చెట్లది. విడిగా పెరిగిన ఊరి చెట్టుకి కాండం పొట్టి, కొమ్మలు ఎక్కువ. అందుకే సూత్రం బరువు ఎక్కువగా చూపిస్తుంది. ఐదో వంతు తగ్గించి రాసుకోవడం మేలు. మొదట్లో తొర్ర ఉంటే ఇంకా తగ్గించాలి. సుత్తి పిడితో కొట్టి చూస్తే డొల్ల శబ్దం తేడా తెలిసిపోతుంది.

ఫిబ్రవరి, రెండో పక్షం

మట్టి పరీక్ష. 30 సెం.మీ. అడ్డుకొలత ఉన్న ఇనప రింగుని 5 సెం.మీ. లోతుకి దిగగొట్టి, 10 సెం.మీ. ఎత్తు నీళ్లు పోసి, స్కేలు పెట్టి గంటకి ఎంత దిగిందో చూడాలి. మొదటిసారి పోసిన నీళ్లు లెక్కలోకి రావు. పొడినేల, పైగా నల్లమట్టిలో పగుళ్లు ఉంటాయి కాబట్టి గడగడా తాగేస్తుంది. మట్టి నానాక రెండోసారి పోసినప్పటి అంకెనే నమ్మాలి. పొగడ వరస కింద, జనం తొక్కని చోట, గంటకి 30 మి.మీ. పైన దిగింది. నిద్రగన్నేరు కింద, బెంచీల ముందు, 5 మి.మీ. కూడా దిగలేదు. చెట్టుకి నీళ్లందకపోవడానికి నీటి కొరతే కారణం కానక్కర్లేదు. నేల గట్టిపడినా అంతే.

చెట్టు వేళ్లని కాపాడాల్సిన వలయం వ్యాసార్ధం కాండం అడ్డుకొలతకి 12 రెట్లు. 120 సెం.మీ. చెట్టుకి 14.4 మీటర్లు అన్నమాట. సున్నంతో నేల మీద గీత గీసి చూపిస్తే తప్ప ఈ దూరం ఎవరికీ నమ్మకం కలగదు. కేబుల్ ట్రెంచిగానీ డ్రెయిన్‌గానీ ఆ గీత లోపలికి రాకూడదు. ఒక పక్క వేళ్లు తెగిన చెట్టు తుపానులో రెండో పక్కకి ఒరుగుతుంది.

మార్చి

బోరు నీటి ఉప్పు. ఈసీ మీటరుతో (నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు ఎంతో చెప్పేది) పొద్దున పంపు వేయగానే ఒకసారి, రెండు గంటలు తోడాక ఒకసారి కొలవాలి. మొదట మీటరుకి 1.1 డెసీసీమెన్స్, తోడాక 1.9. సాగునీటికి 0.7 లోపు ఇబ్బంది లేదు, 0.7 నుంచి 3 దాకా జాగ్రత్తగా వాడాలి, 3 దాటితే వాడకూడదు. కాలువ నీరు 0.35. డెల్టాలో చాలా చోట్ల పైన మంచినీటి పొర, కింద ఉప్పునీరు. గట్టిగా తోడితే కింది నీరు పైకి లేస్తుంది. అశోకల ఆకుల అంచులు మాడడానికి చీడ కారణం కాదు, ఈ నీరే. మందు కొట్టి లాభం లేదు.

దీపాలు. 150 వాట్ల సోడియం దీపం, చోకుతో కలిపి 170 వాట్లు తాగుతుంది. దాని బదులు 45 వాట్ల ఎల్‌ఈడీ. ఒక్కోదానికి 125 వాట్లు ఆదా, 24 దీపాలకి 3 కిలోవాట్లు, రాత్రికి 11 గంటలు, ఏడాదికి 12,000 యూనిట్లు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల ఉద్గారం చొప్పున 8.4 టన్నులు. పెద్ద నిద్రగన్నేరు తన జీవితకాలమంతా దాచింది 11 టన్నులైతే, ఒక ఏడాది దీపాల ఆదా 8 టన్నులు. కర్బనం తగ్గించాలంటే దీపాలూ పంపూ చూసుకోవాలి. చెట్టు చేసే అసలు పని నీడ, నీరు. ఈ రెండింటినీ కలిపేసి “ఇన్ని మొక్కలు, ఇన్ని టన్నులు” అని రాసే ప్రణాళికల మీద మాకు గురి లేదు.

పాత స్తంభాలు ఉంచేశాం. గుబ్బ లోపల పట్టే ఎల్‌ఈడీ బిగించి, వెలుగు కిందికే పడేలా పైభాగంలో రేకు పెట్టాం. రంగు 2700 కెల్విన్, అంటే పసుపు ఛాయ. తెల్లటి 6500 పెడితే పురుగులు మూగుతాయి, పోత ఇనుము స్తంభం ఆసుపత్రి వరండాలో ఉన్నట్టు కనిపిస్తుంది. చెడిపోయేది ఎల్‌ఈడీ కంటే దాని డ్రైవరే (దీపానికి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే భాగం). మూసిన గుబ్బలో వేడి పోక ఉబ్బిపోతుంది, అందుకే డ్రైవర్‌ని స్తంభం అడుగు పెట్టెలో పెట్టాలి. వరద నీరు అక్కడికి చేరుతుందా అన్నది ముందే చూసి, పెట్టెని నేల నుంచి 60 సెం.మీ. పైకి లేపాం.

మార్చి చివర కొమ్మల పని. నిద్రగన్నేరు ఆకు రాల్చి మళ్లీ చిగురేశాక ఎండుకొమ్మ ఏదో ఇట్టే తెలుస్తుంది. కొంగలు గూళ్లు కట్టకముందే పని ముగియాలి. ఎండినవీ, రాసుకునేవీ, విరిగి వేలాడేవీ మాత్రమే తీయాలి. పచ్చి కొమ్మల్లో ఐదో వంతుకి మించి ముట్టకూడదు. తల నరకడం అసలు వద్దు. నరికిన చోట గుత్తిగా లేచే కొమ్మలకి పట్టు ఉండదు, రెండు మూడేళ్లకి గాలికి అవే ముందు ఊడిపడతాయి. బరువైన కొమ్మకి మూడు కోతలు: ముందు కాండానికి 40 సెం.మీ. దూరంలో కింద నుంచి మూడో వంతు, తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి పూర్తిగా, చివరికి మిగిలిన ముక్కని మెడ ఉబ్బు (కొమ్మ కాండాన్ని కలిసే చోటి ఉబ్బు) బయట. ఉబ్బు తెగితే గాయం మూసుకోదు. తారు, పెయింటు పూయనక్కర్లేదు. చెట్టు మొత్తం తీయాల్సి వస్తే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. రెండు తురాయిలకి దరఖాస్తు ఇప్పుడే పెట్టాం.

ఏప్రిల్ మూడో వారం నుంచి, కాలువలు కట్టాక

దాళ్వా (రెండో పంట) కోతలైపోయాయి, కాలువలు కట్టేశారు. జూన్ మొదట్లో నీళ్లు వదిలే దాకా కొలను, తూము మనవి. తూము కాలువ గట్టులో ఉంది కాబట్టి నీటిపారుదల శాఖ అనుమతి కాగితం ఫిబ్రవరిలోనే రాయించుకోవాలి. ఏప్రిల్లో అడిగితే కాలువలు కట్టిన కాలం కాస్తా కాగితాలకే సరిపోతుంది.

కొలను విస్తీర్ణం 890 చదరపు మీటర్లు. సగటున 40 సెం.మీ. పూడిక తీస్తే 356 ఘనపు మీటర్లు, ట్రక్కుకి 3 చొప్పున దాదాపు 120 ట్రక్కులు. ఇంకా లోతు తీద్దామనే ఉబలాటం వస్తుంది, తీయకూడదు. అడుగున జిగట మట్టి పొర ఉంది. అది చీలి ఇసుక తగిలితే నీళ్లైనా ఇంకిపోతాయి, ఉప్పైనా ఊరుతుంది. గునపంతో నాలుగైదు చోట్ల గుచ్చి చూసి, పూడిక ఎక్కడ ఆగి జిగట ఎక్కడ మొదలైందో కర్రలు పాతి గుర్తు పెట్టాం. మెట్లకి మీటరున్నర లోపల యంత్రం రాకూడదు, అక్కడంతా పారతోనే.

తీసిన పూడికని చెట్ల కింద పోయడం అన్ని ఊళ్లలో జరిగేదే. 5 సెం.మీ. మించితే పాత చెట్టు వేళ్లకి ఊపిరి ఆడదు. మూడు వారాలు ఎండబెట్టి, ఒక పాలు మట్టికి ఐదు పాళ్ల నీరు కలిపి ఈసీ చూసి, తోటల వాళ్లకి ఇచ్చేశాం.

ఇప్పుడు నీటి లెక్క. సెంటు అంటే 40.5 చదరపు మీటర్లు. రోజుకి 5 మి.మీ. చొప్పున పచ్చికకి సెంటుకి 200 లీటర్లు. 40 సెంట్లకి 8,000. కొలను మీద ఆవిరి రోజుకి 5.5 మి.మీ. వేసినా 4,900. మొత్తం 12,900. పూడిక తీయడం వల్ల అదనంగా దొరికిన 3,56,000 లీటర్లు దీంతో 27 రోజులకి చాలతాయి, కాలువలు మూతపడేది నెలన్నర. పచ్చికని 15 సెంట్లకి తగ్గిస్తే రోజుకి 7,900 లీటర్లు, 45 రోజులు. బోరు ఆపాలంటే 25 సెంట్ల పచ్చిక పోవాల్సిందే. వేరే దారి లేదు. మంటపం ఎదురు పచ్చిక పాత పటంలో ఉన్నది, అది ఉంచాం. చెట్ల కిందిది తర్వాత వచ్చింది, నీడకి ఎలాగూ బతకడం లేదు.

తూముకి 30 సెం.మీ. గొట్టం, వెనకాల మీటరు చదరపు మట్టి తొట్టి, దాని అడుగు గొట్టం కంటే 50 సెం.మీ. కిందికి. ముందు గుర్రపుడెక్క ఆపే జల్లెడ: 10 మి.మీ. ఇనప చువ్వలు 40 మి.మీ. సందుతో, 60 డిగ్రీల వాలులో. నిలువుగా పెడితే గొర్రుతో లాగడం కుదరదు.

మెట్ల సందులకి సిమెంటు వాడలేదు. సిమెంటు గట్టిది, రాయి దానికంటే మెత్తన. తేమ సందులోంచి పోలేక రాయి అంచులోంచి పోతుంది, ఉప్పు పేరుకుని అంచులు పెళ్లలుగా లేస్తాయి. గానుగ సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, జల్లించిన ఇసుక రెండు పాళ్లు. ఒట్టి సున్నం తడిలో గట్టిపడదు, ఇటుక పొడి అందుకే. రోహిణి ఎండలకి రోళ్లు పగులుతాయంటారు, సున్నం పగలడం ఒక లెక్కా! మధ్యాహ్నం పని ఆపి, వేసినంత మేరా తడి గోనెలు కప్పి రెండు వారాలు తడుపుతూ ఉండాలి.

జూన్, మృగశిర

చెట్ల చుట్టూ కట్టిన అరుగులు తీసే పని. ఎండల్లో తీస్తే బయటపడ్డ వేళ్లు వాడిపోతాయి, అందుకే తొలకరి దాకా ఆగాం. బ్రేకర్ మెషిన్ వద్దు, ఉలీ సుత్తీ చాలు. అరుగు లోపల పోసిన మట్టి కాండం మీదకి 45 సెం.మీ. ఎక్కి ఉంది. దాన్ని చేతి తాపీతో తీసుకుంటూ, కాండం వెడల్పై వేళ్లుగా విడే చోటు కనబడగానే ఆపాలి. ఆ మట్టిలోకి పాకిన పీచు వేళ్లు తీసేయొచ్చు. కాండాన్ని చుట్టిన లావు వేరు ఉంటే ఒకేసారి కోయకుండా ఈ ఏడు ఒకటి, వచ్చే ఏడు ఒకటి. మెత్తబడ్డ బెరడుని గోకి తీయడం కంటే గాలి తగలనిస్తే మేలు.

రావి అరుగు ముట్టుకోలేదు. దాని మీద నాగప్రతిష్ఠ ఉంది, పూజ జరుగుతోంది. పలకల మధ్య సందులు మాత్రం తెరిచి 6 మి.మీ. రాతి చిప్స్ నింపాం. అందరూ ఒప్పుకున్నంత వరకే.

నడకదారిలో వేళ్ల వలయం లోపల పడే భాగం తవ్వకుండా నేల పైనే వేశాం: జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీరు దిగనిచ్చి మట్టిని ఆపేది), 10 సెం.మీ. మందాన 40 మి.మీ. కంకర, పైన 4 సెం.మీ. మందాన 6 మి.మీ. చిప్స్. క్రషర్ డస్ట్ (రాతిపొడి) ఒక్క ట్రక్కు కూడా లోపలికి రాకూడదు. పైన చదునుగా వస్తుందని మేస్త్రీలు ఇష్టపడతారు, మొదటి రెండు వానలకే సందులన్నీ మూసుకుపోతాయి. చక్రాల కుర్చీకి చిప్స్ దారి పనికిరాదు. గేటు నుంచి మంటపం దాకా ఒక దారిని పలకలతోనే ఉంచి, సందులు 8 మి.మీ. చేశాం.

జులై

గట్టిపడ్డ నేలకి గుంతలు. 5 సెం.మీ. బర్మాతో 45 సెం.మీ. లోతు, 75 సెం.మీ. ఎడం, కాండానికి 3 మీటర్ల అవతల నుంచి 9 మీటర్ల దాకా. ఒక్కో చెట్టుకి 400 గుంతలు, 360 లీటర్ల మిశ్రమం: ముతక ఇసుక రెండు పాళ్లు, కంపోస్టు ఒక పాలు. వేరు తగిలితే పక్కకి జరగాలి. ఇక్కడ తప్పు జరిగేదల్లా తడి విషయంలో. నల్లమట్టి తడిగా ఉన్నప్పుడు బర్మా తిప్పితే గుంత గోడ అద్దంలా నున్నగా అయిపోతుంది, నీరు పక్కకి పోదు, గుంత గ్లాసులా నిండి వేరు కుళ్లుతుంది. మట్టి పిడికిట్లో ఉండ కట్టి, వేలితో నొక్కితే చిట్లాలి. అప్పుడే తవ్వాలి. నునుపు కనిపిస్తే ఇనప బ్రష్షుతో గోడ గీరాలి.

పైన 8 సెం.మీ. ఆకుల మల్చింగు, కాండానికి 30 సెం.మీ. వదిలి. రాలిన ఆకు తగలబెట్టడం ఆపేస్తే సరుకు పార్కులోనే దొరుకుతుంది. నిద్రగన్నేరు ఆకు తొందరగా మురుగుతుంది. బాదం ఆకు ముక్కలు చేయకపోతే ఏడాదైనా అలాగే ఉంటుంది. గేటు ముందు కొబ్బరి బోండాల బళ్ల డొక్కలు రోజూ వస్తాయి. పాతిపెడితే గుంట వైపు పైకి, నీళ్లు పట్టి ఉంచుతాయి. నేల మీద పరిస్తే మాత్రం బోర్లా. వెల్లకిలా వేసిన డొక్కలో నాలుగు చినుకులు నిలిస్తే డెంగీ దోమకి అంతకంటే మంచి తొట్టి దొరకదు.

కంపోస్టుకి గుర్రపుడెక్క వాడాం, మురుగు కలిసే కాలువది కాకుండా. పది టన్నులు లాగితే అందులో తొమ్మిది, తొమ్మిదిన్నర టన్నులు నీరే. గట్టు మీద నాలుగైదు రోజులు వాడనిచ్చి, 20 సెం.మీ. డెక్క, 10 సెం.మీ. ఎండాకు, పేడనీళ్లు, ఇలా మీటరున్నర వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు. వాడకుండా వేస్తే గాలాడక కంపు కొడుతుంది. లోపల వేడి 55 డిగ్రీలకి చేరి మూడు రోజులు నిలవాలి, ఆ తర్వాత బయటిది లోపలికి తిరగెయ్యాలి. లేకపోతే విత్తనం బతికే ఉంటుంది. కొలను పక్కన వాడిన కంపోస్టే మళ్లీ కొలనుకి డెక్క తెస్తుంది. అందుకే పూత మీదున్నది అసలు తేకపోవడం మంచిది.

ఆగస్టు

ఇంకుడు గుంతలు తవ్వమని సలహా వచ్చింది. ఈ నేలలో ఆగస్టులో మీటరు తవ్వితే నీళ్లు ఊరుతున్నాయి. నీళ్లున్న గుంతలోకి నీళ్లెలా ఇంకుతాయి? మెట్ట ప్రాంతానికి పనికొచ్చే పని అది. ఇక్కడ కావాల్సింది పాత బోదె. పలకలు తీసి, 30 సెం.మీ. లోతు, మీటరున్నర వెడల్పు, 200కి 1 వాలుతో గడ్డి బోదె మళ్లీ తెరిచాం.

బోదె చివర మురుగు కాలువలోకి 30 సెం.మీ. గొట్టం, దానికి ఒకవైపే తెరుచుకునే రేకు తలుపు, రబ్బరు అంచు. గోదావరికి వరద ఉన్నప్పుడు మురుగు కాలువలు దిగవు, ఎదురు తంతాయి. తలుపు లేకపోతే ఊరి మురుగంతా కొలనులోకే. తలుపు సందులో ప్లాస్టిక్ కవరు ఒక్కటి ఇరుక్కున్నా మూసుకోదు, ముందు జల్లెడ తప్పనిసరి.

ఆగస్టు చివర, మొక్కలు

ఖాళీలు 12, మొక్కలూ 12. జాతి మీద చర్చ ఎక్కువే జరిగింది. నిద్రగన్నేరు ఉష్ణమండల అమెరికాది, తురాయి మడగాస్కర్‌ది. రెండూ మన నేలవి కావు. 1981లో ఫ్లారెన్స్‌లో రాసిన చారిత్రక ఉద్యానాల పత్రం తోటని సజీవ స్మారకం అంటుంది, చెట్టు పోతే అదే రూపు నిలిచేలా మార్చమంటుంది. కొలను చుట్టు వరసలో పందిరి ఆకారం ముఖ్యం, అక్కడ నిద్రగన్నేరే. తురాయిలు తీసిన చోట, మురుగు వైపు, ఏరుమద్ది, పొన్న, గంగరావి: తడికీ కాస్త ఉప్పుకీ ఓర్చేవి, గాలికి తొందరగా విరగనివి. కొనోకార్పస్ త్వరగా పచ్చగా కనిపిస్తుందని అడిగారు. వద్దన్నాం.

మొక్కలు కడియం నర్సరీల నుంచి. ఎత్తు చూసి కొనకూడదు. కవరు కింద చింపి చూస్తే వేళ్లు గుండ్రంగా చుట్టుకున్నాయా లేదా తెలుస్తుంది. చుట్టుకున్న దాన్ని నాటితే పదేళ్లకి దాని వేరే దాని మెడకి ఉరి. గొయ్యి మీటరు వెడల్పు, లోతు మాత్రం మట్టి గడ్డ కంటే 15 సెం.మీ. తక్కువ, అంటే మొక్క నేల కంటే ఎత్తులో నిలబడాలి. నల్లమట్టిలో లోతుగా నాటిన మొక్క వానాకాలం దాటదు. రెండు సరుగుడు కర్రలు, మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర సైకిలు ట్యూబు ఎనిమిది అంకెలా కట్టి, ఏడాదికి విప్పేయాలి.

అక్టోబరు, తుపాన్ల ముందు

కొలను మట్టం నియమం. పార్కు మీద 50 మి.మీ. వాన పడితే సెంటుకి 2,000 లీటర్లు, 320 సెంట్లకి 6.4 లక్షలు. సగం పారినా 3.2 లక్షలు, తలుపు మూసుకుపోయి ఉంటే అంతా కొలనులోకే: 36 సెం.మీ. పెరుగుతుంది. 1996 నవంబరు తుపాను కోనసీమని తుడిచిపెట్టిన నెలలో కొలను నిండుగా ఉంచుకోవడం తెలివి కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా మట్టం 40 సెం.మీ. తక్కువలో. జనవరి నుంచి తూము తెరిచి నెమ్మదిగా నింపి, కాలువలు కట్టే ముందు రోజుకి అంచు దాకా.

రెండు మట్టాలకీ గుర్తులు పాత మెట్ల మీద కాకుండా కొత్త తొట్టి గోడ మీద స్టీలు పలకతో: పైది నీలం, కిందది ఎరుపు. షట్టరు తాళం వాచ్‌మన్ దగ్గర ఒకటి, వార్డు కార్యాలయంలో ఒకటి. తలుపు కీలుకి గ్రీజు వినాయక చవితికి ఒకసారి, దీపావళికి ఒకసారి.